శ్లాబు చల్లగా ఉండాలి, చెమర్చకూడదు

శ్లాబులో గొట్టాలు పరిచి చల్లనీళ్ళు తిప్పితే కరెంటు ఎందుకు ఆదా అవుతుంది? వానాకాలంలో పైకప్పు చెమర్చదా?

మే నెల రాత్రి పదింటికి డాబా ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నా పైనుంచి సెగ కొడుతూనే ఉంటుంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు ఆ వేడిని నేరుగా మన ఒంటి మీదికి ప్రసరిస్తుంది. అదే శ్లాబు చల్లగా ఉంటే ఒంట్లోని వేడి దానివైపు పోతుంది. అప్పుడు గదిలో గాలి 26 డిగ్రీలున్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువే అనిపిస్తుంది.

ఇక కరెంటు సంగతి. ఒక లీటరు నీరు మోసే వేడి ఒక లీటరు గాలి మోసేదానికి దాదాపు మూడున్నర వేల రెట్లు. కాబట్టి పెద్ద పెద్ద బ్లోయర్లు చేసే పని చిన్న పంపు చేసేస్తుంది. పైగా మామూలు సెంట్రల్ ఏసీలో గాలిలోని తేమ కూడా తీయాలి గనుక నీటిని 7 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. శ్లాబుకు 15 నుంచి 18 చాలు, అందుకని నీటిని చల్లబరిచే యంత్రమైన చిల్లర్‌కు అంత శ్రమ ఉండదు. హైదరాబాద్ శివార్లలో పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో మొదలైన ఒక భవనంలో సగభాగానికి గాలి ఏసీ, సగభాగానికి ఈ శ్లాబు పద్ధతి పెట్టి పోల్చి చూశారు. రెండేళ్ళ లెక్కలో శ్లాబు వైపు 34 శాతం తక్కువ కరెంటు కాలింది. ఓడిన ఏసీ కూడా నాసిరకం కాదు, బాగా రూపొందించినదే.

చెమర్చడం మాత్రం నిజమైన బెడదే. జూలైలో బయటి గాలి 22 డిగ్రీల దగ్గరే తేమను వదిలేస్తుంది. కిటికీ తెరిచిపెట్టి శ్లాబును 20కి దించితే పైనుంచి చుక్కలు రాలతాయి. అందుకే గదిలోకి వదిలే బయటి గాలిని ముందుగా వేరే యంత్రంలో ఆరబెడతారు. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో నీటి చుక్క కట్టాలంటే ఉపరితలం దాదాపు 14 డిగ్రీలకు దిగాలి. సెన్సర్ ఆ హద్దును ఎప్పటికప్పుడు లెక్కగడుతుంది, మిక్సింగ్ వాల్వు నీటిని దానికన్నా ఒకటి రెండు డిగ్రీలు పైనే ఉంచుతుంది. పొద్దున్నే ముందు గాలి ఆరబెట్టే యంత్రం, ఆ తర్వాతే నీళ్ళు. ఈ వరుస తప్పితే కార్పెట్లు తడుస్తాయి.

అసలు చిక్కు కాంక్రీటు నిదానంలో ఉంది. మధ్యాహ్నం రెండింటికి థర్మోస్టాట్ తిప్పితే ఆ చల్లదనం సాయంత్రం అందరూ ఇళ్ళకు పోయేవేళకు దిగుతుంది. ఏసీకి అలవాటుపడ్డ ఆపరేటర్ ఉక్కగా ఉందని రెండు డిగ్రీలు, చలేస్తోందని మళ్ళీ రెండు డిగ్రీలు మారుస్తూ పోతే ఆదా అయినదంతా అక్కడే హరించుకుపోతుంది. తెలివైన కంట్రోలు రేపటి వాతావరణ అంచనా చూసుకుని, కూలింగ్ టవర్ బాగా పనిచేసే రాత్రిపూటే శ్లాబును చల్లబరుస్తుంది. పగలు గది 23 నుంచి 26 వరకు మెల్లగా పెరిగినా పట్టించుకోదు. శ్లాబు 20 దగ్గరుండి గది 24 నుంచి 25కి పెరిగితే, ఏ వాల్వూ కదలకుండానే శ్లాబు పీల్చే వేడి నాలుగోవంతు పెరుగుతుంది. చలిదేశాల్లో ఇదే గొట్టాల్లో వేడినీళ్ళూ తిప్పుతారు. అక్కడ పొద్దున వేడి, మధ్యాహ్నం చలి అంటూ ఒకే రోజులో మార్చడమంటే పెట్టిన ఖర్చును పెట్టినట్టే పారబోయడం.

మన ఇంటికి పెట్టించుకోవచ్చా? రాత్రిపూట ఒక్క గదిలో ఏసీ వేసుకునేవాళ్ళకు దండగ. రోజంతా నడిచే ఆఫీసుకూ ఆసుపత్రికీ సరిపోతుంది, అదీ కొత్తగా కట్టేటప్పుడే. పాత భవనమైతే పైకప్పు కింద వేలాడదీసే లోహపు ప్యానెళ్ళే దిక్కు. ఒకసారి శ్లాబులో గొట్టాలు పడ్డాయంటే ఫాల్స్ సీలింగ్ మీద ఆశ వదులుకోవాలి, ఫ్యాను కొక్కేనికి డ్రిల్లు పెట్టబోయే ముందు పైపుల ప్లాను తీసి చూడాలి.