ఇంజన్ బ్లాక్‌లో చెడిపోయిన బోల్టు త్రెడ్ల మరమ్మతు

1. పరిచయం

నిజాంసాగర్ కాలువల కింద వరి పండించే బాన్సువాడ ప్రాంతంలో ట్రాక్టర్, హార్వెస్టర్ లేనిదే సేద్యం సాగదు. కోతల సమయంలో సిలిండర్ హెడ్‌ను పట్టి ఉంచే ఒక్క బోల్టు రంధ్రంలో త్రెడ్లు పోయినా యంత్రం ఆగిపోతుంది. బ్లాక్ మొత్తం మార్చాలంటే ఖర్చు ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువే. బోల్టుకు రాగి తీగ చుట్టి ఎలాగో బిగిస్తే అది చేతికి గట్టిగానే అనిపిస్తుంది కాని, ఇంజన్ నడిచినప్పుడు నిలవదు. ఎందుకు నిలవదో, శాశ్వతంగా నిలిచే మరమ్మతు ఏదో ఈ భాగంలో తెలుసుకుందాం.

2. బోల్టు చేసే పని

బిగించినప్పుడు బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది. సాగిన స్ప్రింగు వలె అది వెనక్కి లాగుతూ హెడ్‌ను, గ్యాస్కెట్‌ను బ్లాక్‌కు అదిమి పెడుతుంది. దీనినే బిగింపు బలం అంటారు.

ఉదాహరణకు 10 మి.మీ. వ్యాసం గల బోల్టును 50 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించామనుకుందాం. టార్క్‌ను వ్యాసంతోను, సాధారణంగా తీసుకునే 0.2 అనే గుణకంతోను భాగిస్తే బిగింపు బలం వస్తుంది.

50 ÷ (0.2 × 0.010) = 25,000 న్యూటన్లు

అంటే సుమారు రెండున్నర టన్నుల బరువుకు సమానం.

ఇంత బలం ఎందుకంటే, 100 మి.మీ. బోరు గల డీజిల్ ఇంజన్‌లో గరిష్ఠ పీడనం 100 బార్ అనుకుంటే, ఒక్కో సిలిండర్ హెడ్‌ను సుమారు 8 టన్నుల బలంతో పైకి నెడుతుంది. చుట్టూ ఉన్న బోల్టులన్నీ కలిసి దీనిని ఆపాలి. ఒకటి సడలితే అక్కడ గ్యాస్కెట్ కాలిపోతుంది, నీరు నూనెలో కలుస్తుంది.

3. త్రెడ్లు ఎందుకు పోతాయి?

అ) నిర్ణీత టార్క్ కంటే ఎక్కువ బిగించడం.
ఆ) పొట్టి బోల్టు వాడటం. పోత ఇనుములో బోల్టు కనీసం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు లోపలికి దిగడం మంచిది.
ఇ) పిచ్ కలవని బోల్టును బలవంతంగా తిప్పడం. కొన్ని పాత ఇంజన్లలో అంగుళాల కొలత త్రెడ్లు ఉంటాయి. అందువల్ల త్రెడ్ గేజ్‌తో సరిచూడాలి.
ఈ) రంధ్రంలో తుప్పు, మట్టి ఉండటం.

బరువులో ఎక్కువ భాగాన్ని రంధ్రపు పైవైపున్న మొదటి కొన్ని త్రెడ్లే మోస్తాయి. కనుక పై త్రెడ్లు మాత్రమే పోయాయని ఉపేక్షించరాదు.

4. కాయిల్ ఇన్సర్ట్ పద్ధతి

స్టెయిన్‌లెస్ స్టీలు తీగను స్ప్రింగులా చుట్టి చేసినదే కాయిల్ ఇన్సర్ట్. మెకానిక్‌లు దీనిని హెలీకాయిల్ అంటారు. 10 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్ గల బోల్టుకు దశలు ఇవి:

1) సిలిండర్లను, నూనె దారులను గుడ్డతో మూయాలి.
2) సుమారు 10.4 మి.మీ. డ్రిల్‌తో పాత త్రెడ్లను తొలగించాలి. డ్రిల్ బ్లాక్ ముఖానికి నిట్టనిలువుగా ఉండాలి. లోతు దాటకుండా బిట్‌కు టేపు గుర్తు పెట్టాలి.
3) ఇన్సర్ట్ కిట్‌లోని ప్రత్యేక ట్యాప్‌తో కొత్త త్రెడ్ కోయాలి. సాధారణ ట్యాప్ సరిపోదు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పొట్టును విరగనివ్వాలి.
4) గాలితో రంధ్రాన్ని శుభ్రం చేయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె లేదా నీరు మిగిలితే, బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవం నొక్కుకుపోక బ్లాక్‌ను పగలగొట్టవచ్చు.
5) ఇన్సర్ట్‌ను పైముఖానికి పావు నుంచి అర చుట్టు కిందికి దించాలి. అడుగున ఉన్న తోకను విరిచి బయటకు తీయాలి.
6) టార్క్ రెంచ్‌తో దశలవారీగా బిగించాలి. టార్క్ పెరగకుండా బోల్టు తిరుగుతూ ఉంటే మరమ్మతు విఫలమైనట్లే.

ఇన్సర్ట్ బయటి వ్యాసం దాదాపు 12 మి.మీ. కనుక బరువు ఎక్కువ లోహం మీద పంచబడుతుంది. అందుకే మెత్తని లోహంలో ఈ త్రెడ్ మొదటిదాని కంటే బలంగా ఉంటుంది. రాగి తీగ చుట్టినప్పుడు త్రెడ్లకు ఈ ఆధారం ఉండదు. అక్కడ కలిగే బిగుతు రాపిడి మాత్రమే.

5. పరిమితులు

రంధ్రం చుట్టూ పగులు ఉన్నా, నీటి జాకెట్‌కు మధ్య గోడ పలుచగా ఉన్నా ఈ పద్ధతి పనికిరాదు. అటువంటి బ్లాక్‌ను ఇంజన్ రీబోరింగ్ వర్క్‌షాపులో పరీక్ష చేయించాలి. రంధ్రం నీటి జాకెట్‌లోకి తెరుచుకుంటే బోల్టుకు సీలెంట్ పూయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) 12 మి.మీ. బోల్టును 90 న్యూటన్ మీటర్లతో బిగిస్తే వచ్చే బిగింపు బలం ఎంత?
2) అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె మిగిలితే ప్రమాదం ఏమిటి?
3) బోల్టు చేతికి గట్టిగా అనిపించడానికి, బిగింపు బలం ఉండటానికి తేడా వివరించండి.