ఎస్‌ఎస్‌ఐ చెక్కు వస్తోందా? దాని వెనక వచ్చేవీ అడగండి

మన దగ్గర తెల్ల రేషన్ కార్డును ఎవరూ బియ్యం కోసమే దాచుకోలేదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్‌కు అదే కార్డు చూపించాం. పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దాని జిరాక్సే పెట్టాం. కార్డులో పేరు ఎక్కించుకోవడానికి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లలో చాలామందికి కావాల్సింది బియ్యం కాదు, ఆ కార్డు వెంట వచ్చే మిగతావి. ఒక కాగితం చేతికొస్తే దాంతో ఇంకేం వస్తాయో ఆరా తీయడం మనకు ఒకరు నేర్పక్కర్లేదు. అలాంటిది అమెరికా వచ్చి, పౌరసత్వం తీసుకుని, నెలనెలా ఎస్‌ఎస్‌ఐ అందుకుంటున్న మన పెద్దవాళ్లు మాత్రం ఆ చెక్కు దగ్గరే ఆగిపోతున్నారు. చెక్కు కన్నా విలువైనవి దాని వెనకే ఉన్నాయి.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం కొన్ని గంటలు లైబ్రరీలో కూర్చుని, ఇంగ్లిష్ ఫారాలతో ఇబ్బంది పడే తెలుగు పెద్దవాళ్లకు సాయం చేస్తుంటాను. లాయర్‌ని కాను. ఎస్‌ఎస్‌ఐ నియమాలు దేశమంతటా ఒకటే కానీ, దాని వెంట వచ్చేవి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఇక్కడ రాసేది ఎక్కువగా కాలిఫోర్నియా సంగతి.

ఎస్‌ఎస్‌ఐ అంటే 65 ఏళ్లు దాటినవారికి, చూపు లేనివారికి, వికలాంగులకు, చేతిలో ఆదాయం, ఆస్తి దాదాపు లేనప్పుడు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే కనీస భృతి. దీన్ని సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌తో కలపకూడదు. పెన్షన్‌కు పన్ను కట్టిన పని దాదాపు పదేళ్లు, అంటే 40 క్రెడిట్లు ఉండాలి. అరవై దాటాక కూతురి పురిటికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అమ్మకు ఆ 40 ఎక్కణ్ణుంచి వస్తాయి? పదిహేనేళ్లు మనవల్ని పెంచి డేకేర్ ఖర్చు మిగిల్చిన చాకిరీకి ఎవరూ డబ్ల్యూ-2 ఇవ్వరు. 1996 నాటి చట్టం తర్వాత గ్రీన్‌కార్డు మీద వచ్చిన మన పెద్దవాళ్లకు, ఆ 40 క్రెడిట్లు లేకపోతే, మామూలుగా పౌరసత్వం వచ్చేదాకా ఎస్‌ఎస్‌ఐ లేదు. పౌరులయ్యాక, స్పాన్సర్‌గా కొడుకు ఐ-864 మీద పెట్టిన సంతకం బాధ్యత తీరిపోతుంది. అతని జీతాన్ని వీళ్ల ఆదాయంగా లెక్కగట్టరు.

2026లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గరిష్ఠ మొత్తం ఒంటరివారికి నెలకు 994 డాలర్లు, భార్యాభర్తలిద్దరికీ కలిపి 1,491 డాలర్లు. కాలిఫోర్నియా తన వంతుగా కొంత కలుపుతుంది. అయితే కొడుకు ఇంట్లో ఉంటూ, అద్దెలో తన వాటా ఇవ్వకుండా, మూడు పూటలా వాళ్లు పెట్టిందే తింటుంటే ఫెడరల్ మొత్తంలో మూడో వంతు కోస్తారు. అంటే నెలకు 331 డాలర్లు పోయినట్టే. అందుకే ఇంటి ఖర్చులో న్యాయమైన వాటా నిజంగా ఇచ్చి, దానికో కాగితం రాసుకోమంటాను. కొడుక్కి అద్దె ఇవ్వడమేంటని చిన్నబుచ్చుకునేవారు ఉన్నారు. ఇచ్చేవాళ్లలో ఒకావిడ మాత్రం, "ఇప్పుడు ఆ ఇంట్లో ఏసీ తగ్గించమని నేనూ చెబుతున్నా బాబూ" అంది. ఇంకో మంచి మార్పు: 2024 సెప్టెంబర్ 30 నుంచి ఇతరులు పెట్టే తిండిని ఆదాయంగా లెక్కించడం మానేశారు. అంతకుముందు కూతురు డబ్బాలో పంపే పప్పూ కూరా కూడా లెక్కలోకొచ్చే సంగతే!

ఇక చెక్కు వెనక వచ్చేవి. అన్నిటికన్నా పెద్దది మెడికెయిడ్, మన రాష్ట్రంలో పేరు మెడి-కాల్. కాలిఫోర్నియాలో ఎస్‌ఎస్‌ఐ వస్తే ఇది వేరే దరఖాస్తు లేకుండా వచ్చేస్తుంది. ఇల్లినాయ్, వర్జీనియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం విడిగా పెట్టుకోవాలి. అక్కడున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మెడికేర్ కూడా ఉన్నవాళ్లకైతే పార్ట్ బి ప్రీమియం రాష్ట్రమే కడుతుంది. 2026లో అది నెలకు 202 డాలర్ల 90 సెంట్లు. మందుల ఖర్చు తగ్గించే ఎక్స్‌ట్రా హెల్ప్ కూడా దానంతటదే వర్తిస్తుంది. షుగర్‌కీ బీపీకీ రోజూ ఐదారు మాత్రలు మింగే ఇంట్లో ఈ రెండే చాలా బరువు దించుతాయి.

దానంతటదే వచ్చినా, వచ్చినట్టు తెలియకపోతే ఏం లాభం? గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు పళ్లన్నీ కదిలిపోయాయి. ఇక్కడ డెంటిస్టు చెప్పిన ఖర్చు విని, ఆ డబ్బుతో ఇండియా వెళ్లొచ్చని టికెట్ కొనుక్కున్నారు. పళ్ల సెట్టు కట్టించుకుని, పనిలో పనిగా చుట్టాలందరినీ చూసి, డెబ్బై రోజులకు తిరిగొచ్చారు. అప్పటికి ఎస్‌ఎస్‌ఐ ఆగిపోయింది. నా దగ్గరికి వచ్చినప్పుడు పర్సులోంచి ఒక కార్డు తీసి, "ఇది ధర్మాసుపత్రి కార్డనుకున్నాం" అన్నారు. అది మెడి-కాల్ కార్డు. కట్టుడు పళ్లు దాని కింద వస్తాయి. మెడికేర్ మామూలుగా ఇవ్వని పళ్ల వైద్యం, కళ్లజోడు దీనిలో ఉన్నాయి. కారు నడపలేనివాళ్లకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి దింపే ఉచిత రవాణా కూడా ఉంది. నాన్న అపాయింట్‌మెంట్ కోసం ఆఫీసులో సెలవు పెట్టే కొడుకులకు ఈ చివరిది చెబితే ఎవరూ ఓ పట్టాన నమ్మరు. ప్లాన్ కార్డు వెనక ఉన్న నంబరుకు ముందుగా ఫోన్ చేసి, ఫలానా రోజు బండి కావాలని చెప్పాలి, అంతే.

మెడి-కాల్ ఉంటే తెరుచుకునే ఇంకో తలుపు ఐహెచ్‌ఎస్‌ఎస్. మంచం దిగలేనివారికి, స్నానం, వంట, బట్టలు సొంతంగా చేసుకోలేనివారికి ఇంట్లోనే సాయం చేసే మనిషికి గంటల లెక్కన జీతం ఇచ్చే పథకం ఇది. ఆ మనిషి బయటివాళ్లే కానక్కర్లేదు. కూతురైనా కోడలైనా కావచ్చు. పని చేసే అనుమతి ఉండి, వేలిముద్రల తనిఖీ, శిక్షణ పూర్తి చేస్తే చాలు. గంటల పరిమితి నెలకు 283. సాయం చేసేవారు అదే ఇంట్లో ఉంటే ఆ డబ్బుకు ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది. ఐఆర్‌ఎస్ 2014లోనే చెప్పింది. అత్తగారి కోసం ఉద్యోగం మానేసిన కోడళ్లు మన ఇళ్లలో ఎందరున్నారో నేను చెప్పక్కర్లేదు. ఆ శ్రమకు ఒక ధర ఉందని ఎవరో గుర్తించడం ఆ ఇంటి మాటతీరునే మార్చడం నేను చూశాను.

ఇక్కడ మన మర్యాదే మనకు అడ్డం. కౌంటీ నుంచి సోషల్ వర్కర్ ఇంటికొచ్చి, ఏ పని ఎంతవరకు చేసుకోగలరో అడిగి గంటలు నిర్ణయిస్తుంది. మన అమ్మలు ఆవిణ్ణి చూడగానే పట్టుచీర కట్టుకుని, మోకాళ్ల నొప్పి దిగమింగుకుని, లేచి కాఫీ కలిపిస్తారు. "నా పనులన్నీ నేనే చేసుకుంటా తల్లీ, ఎవరికీ బరువు కాదు" అంటారు. ఆవిడ అదే రాసుకుని వెళ్లిపోతుంది. ఉన్నదున్నట్టు చెప్పడం అంటే మంచిరోజు సంగతి కాదు, కాలు కింద పెట్టలేని రోజు సంగతి కూడా చెప్పడం. డాక్టరు నింపాల్సిన ఫారం ముందే సిద్ధం చేసుకుంటే పని తొందరగా అవుతుంది.

తిండి సాయం విషయం కొంచెం చిక్కు. కాలిఫోర్నియాలో ఎస్‌ఎస్‌ఐ తీసుకునేవారికి కాల్‌ఫ్రెష్, అంటే ఫుడ్ స్టాంపులు, 2019 జూన్ 1 దాకా అసలు లేవు. ఆ రోజు నుంచి తలుపు తెరిచారు. "మాకు రావని అప్పట్లోనే చెప్పారు" అనేవాళ్లు ఇంకా తగులుతూనే ఉన్నారు. అయితే ఈ పథకం అడిగేది మన పల్లెల్లో అడిగే ప్రశ్నే: పొయ్యి ఒకటా, రెండా? సరుకులు కలిపి కొని, కలిపి వండుకుంటే అందరూ ఒకే కుటుంబం, కొడుకు జీతం కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి రాదు. వంటగది ఒక్కటే అయినా, తమ సరుకులు తాము కొనుక్కుని తమ వంట తాము వేరుగా చేసుకునే తల్లిదండ్రులు వేరు కుటుంబమే. సీనియర్ అపార్ట్‌మెంట్లలో విడిగా ఉండేవారికి ఏ సందేహమూ లేదు. ఫారంలో రెండు పొయ్యిలు రాసి ఇంట్లో ఒకే కుక్కర్ పెట్టేవారికి నేను ఫారం నింపను.

చిన్నచిన్నవి చాలానే ఉన్నాయి. ఫోను లేదా ఇంటర్నెట్ బిల్లులో నెలకు 9 డాలర్ల 25 సెంట్లు తగ్గించే లైఫ్‌లైన్, కరెంటు బిల్లు తమ పేరున ఉన్నవాళ్లకు 30 శాతం పైగా తగ్గించే కేర్ రాయితీ. కాల్‌ఫ్రెష్ కార్డు చూపిస్తే దేశంలో వెయ్యికి పైగా మ్యూజియాల్లో నలుగురి దాకా మనిషికి 3 డాలర్లు మించకుండా ప్రవేశం. మనవల్ని తన ఖర్చుతో మ్యూజియానికి తీసుకెళ్లిన నానమ్మ మొహం చూడాలి మీరు! ప్రభుత్వ సబ్సిడీ సీనియర్ ఇళ్లలో చాలావాటికి అద్దె ఆదాయంలో 30 శాతమే. వాటికి ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు ఉంటుంది, అవసరం వచ్చాక రాయిస్తే ఆలస్యమే.

ఇన్ని తలుపులూ ఒకే తాళంచెవితో తెరుచుకుంటున్నాయంటే, ఆ తాళంచెవి పోతే అన్నీ ఇబ్బందిలో పడతాయని అర్థం. మనవాళ్లకు అది పోయేది ఎక్కువగా ఇండియా వల్లే. వరుసగా 30 రోజులు అమెరికా బయట ఉంటే ఎస్‌ఎస్‌ఐ ఆగిపోతుంది. తిరిగొచ్చి మళ్లీ వరుసగా 30 రోజులు ఇక్కడ ఉన్నాకే మొదలవుతుంది. ఏడాదిపాటు ఆగితే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు. మూడు వారాల పెళ్లికి వెళ్లి రావచ్చు. సంక్రాంతికి వెళ్లి ఉగాది చూసుకుని వద్దామంటే కుదరదు. ప్రయాణం సంగతి చెప్పకుండా వెళ్తే, ఆ నెలల డబ్బు తిరిగి కట్టమని ఉత్తరం వస్తుంది.

రెండోది ఆస్తి. ఒంటరివారికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000 దాటకూడదు. 1989 నుంచి ఈ అంకె కదల్లేదు, ఇది అన్యాయమనే నా అభిప్రాయం. సొంతంగా ఉంటున్న ఇల్లు, ఒక కారు, ఒంటి మీద వేసుకునే నగలు లెక్కలోకి రావు. బీరువాలో దాచిన బంగారు బిస్కెట్లు వస్తాయి. ఊళ్లో పేరున ఉన్న రెండెకరాలు, విజయవాడలో ఫ్లాటు, బ్యాంకు ఎఫ్‌డీలు వస్తాయి. కౌలు డబ్బు, అక్కడి ప్రభుత్వ పెన్షన్ ఆదాయమే. "అయితే పొలం అబ్బాయి పేర గిఫ్ట్ డీడ్ రాసేస్తాం" అంటారు వెంటనే. ఉచితంగానో తక్కువకో రాసిచ్చేస్తే 36 నెలల దాకా అనర్హత పడొచ్చు. అమ్ముకుని, ఆ డబ్బుతో బతికి, అది అయిపోయాక రావడం సబబైన దారి.

లక్షల్లో జీతాలున్న పిల్లల తల్లిదండ్రులకు ఇవన్నీ ఎందుకని మా మిత్రుల్లో పెద్ద గొడవే నడుస్తుంటుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. చట్టం కొడుకు జీతం అడగకపోయినా, ఆ ఇంటి మనస్సాక్షి అడగొచ్చు. కానీ నా ముందు కుర్చీలో కూర్చునేవారిలో అలాంటివాళ్లు తక్కువ. లేఆఫ్‌లో ఉద్యోగం పోయిన కొడుకు మీద ఆధారపడ్డ దంపతులు, మోటెల్‌లో గదులు తుడుస్తూ ఎనిమిదేళ్లు నగదు జీతం తీసుకుని క్రెడిట్లు లేకుండా మిగిలినావిడ, కోడలితో సరిపడక విడిగా గది తీసుకున్న పెద్దాయన. వీళ్లకు సిగ్గుపడాల్సిన పని ఏముంది?

ఇంగ్లిష్ రాకపోవడం కారణం కానక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు 1-800-772-1213కు ఫోన్ చేసి "తెలుగు" అంటే ఉచితంగా దుబాసీని కలుపుతారు. పదేళ్ల మనవరాలితో ఆస్తుల లెక్కలు మాట్లాడించక్కర్లేదు. మెడికేర్ సందేహాలకు కాలిఫోర్నియాలో హైకాప్ అనే ఉచిత సలహా కేంద్రాలున్నాయి. మిగతా అన్నిటికీ 211. కాగితాలన్నీ కూడాక ఫోన్ చేద్దామని ఆగొద్దు. దరఖాస్తు పెట్టాలనుకుంటున్నానని చెప్పిన రోజునే తేదీగా రాసుకుంటారు, 60 రోజుల్లో దరఖాస్తు పూర్తి చేస్తే సరిపోతుంది. డబ్బు ఆ తర్వాతి నెల నుంచి లెక్క. మార్చి 31న ఫోన్ చేసినవారికి ఏప్రిల్ నుంచి వస్తుంది, ఏప్రిల్ 1న చేసినవారికి మే నుంచి.