చక్రముల యింటికి విద్యుత్తు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోటారుబండినే యిల్లుగా అమర్చుకొని దేశము చూడబోవు కుటుంబములు పెక్కు గలవు. పడకలు, పొయ్యి, రిఫ్రిజిరేటరు, ఎయిర్ కండిషనరు అన్నియు అందే యుండును. ఆ దేశమున స్థిరపడిన తెలుగువారును సెలవులలో ఇట్టి బండిని అద్దెకు తెచ్చుకొనుట కలదు. ప్రయాణమునకు ముందు బండి ఒకటి రెండు దినములు ఇంటి ముంగిట నిలుచును. లోని యంత్రములకు ఇంటి విద్యుత్తు నందించవలసి వచ్చును. తీగ నొకదానిని గోడ సాకెట్టునకు తగిలించిన చాలునని తోచును. చిక్కంతయు అక్కడనే యున్నది.

మన యిండ్లలోని విద్యుత్తు 230 వోల్టులది. అమెరికా యింటికి రెండు ఫేజు తీగలును, ఒక న్యూట్రలు తీగయు వచ్చును. ఫేజునకును న్యూట్రలునకును నడుమ 120 వోల్టులు, రెండు ఫేజుల నడుమ 240 వోల్టులు ఉండును. దీపములు మొదలగునవి 120తో నడచును. బట్టలారబెట్టు యంత్రము వంటివి 240 కోరును.

చిన్న బండ్లకు సామాన్యముగా 30 ఆంపియర్ల ప్లగ్గు ఉండును. అది 120 వోల్టులకే ఏర్పడినది. కాని దాని సాకెట్టు, పాత బట్టలారబెట్టు యంత్రములకు వాడిన 240 వోల్టుల సాకెట్టును మిక్కిలి పోలియుండును. మూడే రంధ్రములు, అవే 30 ఆంపియర్లు. ఇండ్లపనిలో చేయి తిరిగిన పనివాడు సైతము ఆ పోలికకు మోసపోయి 240 వోల్టులు కలిపివేయుట అచ్చట పేరుపడిన పొరపాటు. అట్లు కలిపినచో బండిలోని మైక్రోవేవు, బ్యాటరీ చార్జరు మొదలగునవి క్షణములలో మాడిపోవచ్చును. బ్రేకరు కాపాడదా యని అడుగవచ్చును. అది అధికమైన ప్రవాహమును గుర్తించునే గాని అధికమైన వోల్టేజిని గుర్తింపదు. కావున క్రొత్త సాకెట్టు పెట్టించిన పిదప బండిని తగిలింపక మునుపే మీటరుతో కొలిపించవలెను. ఫేజునకును న్యూట్రలునకును నడుమ 120, ఫేజునకును ఎర్తునకును నడుమ 120, న్యూట్రలునకును ఎర్తునకును నడుమ దాదాపు సున్న రావలెను. ఎక్కడ 240 కనబడినను ప్లగ్గు పెట్టరాదు.

పెద్ద బండ్లకు నాలుగు కాళ్ళ 50 ఆంపియర్ల ప్లగ్గు ఉండును. దానికి ఫేజులు రెండును కావలయును. మొదటిది 3,600 వాట్ల నిచ్చును; ఇది 12,000 ఇచ్చును. అంకెలో భేదము ఇరువదియే గాని శక్తిలో మూడింతలకు మించినది.

ఈ రెండును లేనిచోట మామూలు 15 ఆంపియర్ల సాకెట్టునకే అడాప్టరు తొడిగి తగిలింతురు. అడాప్టరు ప్లగ్గు ఆకారమును మార్చును, సాకెట్టు బలమును పెంచదు. ఆ సాకెట్టు ఇచ్చునది 1,800 వాట్లే. ఎయిర్ కండిషనరు ఒక్కటియే అందులో చాల భాగమును తినివేయును. బ్యాటరీ చార్జరుకు, దీపములకు అది చాలును. అంతకు మించి ఆశింపరాదు. నడుమ సన్నని పొడిగింపు తీగ వేసినచో అది వేడెక్కును. చుట్టగా చుట్టి వదలినచో మరింత వేడెక్కును. 30 ఆంపియర్లకు 10వ నంబరు రాగితీగ కావలెను. అక్కడి లెక్కలో నంబరు తగ్గిన కొలది తీగ లావగుట గమనింపదగినది.

ప్రాణముతో చెలగాటమాడునది ఎర్తు లోపము. బండి రబ్బరు చక్రములపై నిలిచియుండుటచే నేలతో దానికి సంబంధము లేదు. ఎర్తు తీగ తెగియో, ప్లగ్గున ఎర్తు కాలు విరిగియో యున్నప్పుడు లోపల ఫేజు తీగ రేకును తాకెనా, బండి యొడలంతయు విద్యుత్తుతో నిండును. లోపల కూర్చున్నవారి కేమియు తెలియదు. తడి గడ్డిపై వట్టికాళ్ళతో నిలిచి తలుపు పిడి పట్టుకొన్న పిల్లవాని శరీరము గుండ విద్యుత్తు నేలకు దిగును. సుమారు 5 మిల్లీ ఆంపియర్ల లీకు కనబడినంతనే ప్రవాహమును తెంచు సాకెట్టులు అక్కడి ఇండ్ల వెలుపల ఉండును. అది మాటిమాటికి ఆపివేయుచున్నదని విసుగుకొని, అట్టి రక్షణ లేని సాకెట్టును వెదకువారు కలరు. లీకు ఎక్కడనో యున్నది గనుకనే అది ఆపుచున్నది. తరచుగా నీళ్ళు కాచు యంత్రములోని కాయిలు దానికి కారణమగును.

బిడ్డలను చూడబోయి అక్కడ స్క్రూడ్రైవరు చేతబట్టు తండ్రులకు ఒక మాట. మన పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు. అమెరికాలో నలుపే ఫేజు! తెలుపు న్యూట్రలు, పచ్చనిది గాని, తొడుగు లేని రాగితీగ గాని ఎర్తు. ఇచ్చటి అలవాటున నల్లతీగ నిరపాయకరమని ముట్టరాదు.