కోడ్ కనిపించింది.. మరి లోపం ఎక్కడ?

స్కానర్ పెడితే కోడ్ ఎవరికైనా కనిపిస్తుంది. ఆ కోడ్ వెనకున్న అసలు లోపాన్ని పట్టుకోగలిగినవారికే సర్వీస్ సెంటర్లలో విలువ. డీజిల్ వాహనాల్లోని ఫ్యూయల్ ప్రెషర్ సెన్సర్ సర్క్యూట్‌నే ఉదాహరణగా తీసుకుని, ఆ నైపుణ్యం ఎలా వస్తుందో చూద్దాం.

ఓ డీజిల్ వ్యాన్ వర్క్‌షాప్‌కి వచ్చిందనుకుందాం. ఇంజిన్ లైట్ వెలుగుతోంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ లేదు. స్కానర్ పెడితే ‘పి0193’ అని వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు ‘సెన్సర్ పోయింది, మార్చేద్దాం’ అన్నాడు. మార్చేశారు. బండి పది కిలోమీటర్లు వెళ్లిందో లేదో మళ్లీ అదే లైట్! చివరికి తేలిందేమిటంటే.. సెన్సర్ బాగానే ఉంది. కనెక్టర్‌లో గ్రౌండ్ పిన్నుకి పచ్చగా చిలుము పట్టి, కుదుపులకు కాంటాక్ట్ వదిలేస్తోంది. డ్రైవర్‌కి ఆ రోజు కిరాయి పోయింది, సెన్సర్‌కి పెట్టిన డబ్బూ పోయింది. ఆయన మళ్లీ ఆ వర్క్‌షాప్ గడప తొక్కుతాడా?

ఆటోమొబైల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివి సర్వీస్ రంగంలో ఉద్యోగం వెతుక్కుంటున్నవారు గుర్తుంచుకోవాల్సింది ఇదే. కోడ్ చూపించేది సర్క్యూట్‌ని. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు.. వైర్లు, కనెక్టర్, ఈసీయూ అన్నీ కలిసి.

మూడు వైర్ల కథ

కామన్ రైల్ డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం ముందుగా రైల్ అనే గొట్టంలోకి అధిక పీడనంతో చేరుతుంది. అక్కడి నుంచి ఇంజెక్టర్లకు వెళ్తుంది. రైల్‌లో ఎంత ప్రెషర్ ఉందో ఈసీయూకి చెప్పేదే రైల్ ప్రెషర్ సెన్సర్. సాధారణంగా దీనికి మూడు వైర్లుంటాయి. ఒకటి ఈసీయూ పంపే 5 వోల్టుల రిఫరెన్స్. రెండోది గ్రౌండ్. మూడోది సిగ్నల్.

చాలా సెన్సర్లలో ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ సుమారు 0.5 వోల్టులు, గరిష్ఠ ప్రెషర్ దగ్గర 4.5 వోల్టులు ఉంటుంది. అంటే పనిచేసే పరిధి 4 వోల్టులు. 1800 బార్ వరకు కొలిచే సెన్సర్‌ని తీసుకుంటే, ఐడ్లింగ్‌లో 300 బార్ ఉన్నప్పుడు సిగ్నల్ ఎంత రావాలి? 300ని 1800తో భాగించి, 4తో గుణించి, 0.5 కలపండి. దాదాపు 1.17 వోల్టులు. ఈ చిన్న లెక్క వస్తే మీటరు చూపే అంకె నమ్మదగిందో కాదో మీకే తెలిసిపోతుంది.

ఏ కోడ్ ఏం చెబుతోంది?

పి0190: సెన్సర్ సర్క్యూట్‌లో లోపం.
పి0191: సిగ్నల్ వస్తోంది కానీ పరిస్థితికి తగ్గట్టు లేదు.
పి0192: సిగ్నల్ వోల్టేజ్ మరీ తక్కువ.
పి0193: సిగ్నల్ వోల్టేజ్ మరీ ఎక్కువ.

వీటితో పి0087ని కలిపేసుకుని చాలామంది పొరబడతారు. రైల్‌లో ప్రెషర్ నిజంగానే తక్కువగా ఉందని దానర్థం. అప్పుడు సెన్సర్ నిజమే చెబుతోంది. చూడాల్సింది మూసుకుపోయిన ఫిల్టర్, బలహీనపడిన పంప్, లీకవుతున్న ఇంజెక్టర్ల వైపు. కబురు తెచ్చినవాణ్ని మార్చేస్తే కబురు మారదు కదా!

మీటరు పట్టండి.. వరసగా వెళ్లండి

1. లైవ్ డేటా: కోడ్ రాసుకోండి. అది వచ్చినప్పుడు స్పీడ్, టెంపరేచర్ ఎంతున్నాయో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ రాసుకోండి. రాత్రంతా ఆగి ఉన్న బండికి కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రైల్ ప్రెషర్ చూడండి. దాదాపు సున్నా ఉండాలి. వందల బార్లు చూపిస్తోందంటే ఆ రీడింగ్ అబద్ధం.

2. కంటిచూపు: కనెక్టర్‌లో చిలుము, నీరు, వంగిన పిన్ను ఉన్నాయా? వైరు ఎక్కడైనా బ్రాకెట్‌కి ఒరుసుకుందా? ఎలుక కొరికిందా? లైవ్ డేటా చూస్తూనే వైరింగ్‌ని మెల్లగా కదిపి చూడండి. రీడింగ్ ఎగిరిపడితే లోపం అక్కడే ఉంది.

3. రిఫరెన్స్: కీ ఆఫ్ చేసి కనెక్టర్ ఊడదీయండి. మళ్లీ కీ ఆన్ చేసి రిఫరెన్స్ పిన్ను దగ్గర కొలవండి. 5 వోల్టులు రావాలి. రాలేదా? ఈసీయూ పోయిందని తీర్మానించకండి. చాలా వాహనాల్లో ఇదే 5 వోల్టుల లైన్ ఇతర సెన్సర్లకూ వెళ్తుంది. వాటిలో ఒకటి షార్టయినా అన్నిటికీ దెబ్బే. ఒక్కొక్కటే ఊడదీస్తూ వోల్టేజ్ ఎప్పుడు తిరిగొస్తుందో చూడండి.

4. గ్రౌండ్: మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల వైరు గ్రౌండ్ పిన్నుకి పెట్టండి. బ్యాటరీ వోల్టేజ్ మొత్తం కనిపించాలి. ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇదే. మన వ్యాన్ కథలో సమస్య తేలింది కూడా ఇక్కడే.

5. సిగ్నల్: పి0193 ఉన్నప్పుడు, సర్వీస్ మాన్యువల్‌లో పిన్నులు సరిచూసుకుని, వైరింగ్ వైపున్న కనెక్టర్‌లో సిగ్నల్‌ని గ్రౌండ్ పిన్నుతో కలపండి. స్కానర్‌లో వోల్టేజ్ సున్నాకి పడిపోతే వైర్లు, ఈసీయూ బాగున్నట్టే. అప్పుడు సెన్సర్‌ని అనుమానించండి. పడకపోతే లోపం వైర్లలోనో, ఈసీయూలోనో ఉన్నట్టు. 12 వోల్టులను మాత్రం ఈ పిన్నులకు ఎప్పుడూ తగిలించొద్దు. ఈసీయూ కాలిపోవచ్చు.

లోపం సరిచేశాక కోడ్ చెరిపి, బండి నడిపి, మళ్లీ స్కాన్ చేస్తేనే పని పూర్తయినట్టు.

ప్రాణాలతో చెలగాటం వద్దు

ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపులు, సెన్సర్ విప్పకూడదు. ఈ వ్యవస్థల్లో ప్రెషర్ 1600 బార్ దాటుతుంది. సన్నటి రంధ్రం నుంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిపోతుంది. లీకుందేమోనని చేత్తో తడమొద్దు. అలాంటి గాయమైతే చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

హాస్టల్ గదిలోనే సాధన

నేర్చుకోవడానికి బండే కావాలని లేదు. ఒక డిజిటల్ మల్టీమీటర్, 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్, పాత యూఎస్‌బీ ఛార్జర్ కేబుల్ చాలు. కేబుల్‌లో సాధారణంగా ఎర్ర వైరు 5 వోల్టులు, నల్లది గ్రౌండ్. ముందు మీటరుతో నిర్ధారించుకోండి. పొటెన్షియోమీటర్ చివరి కాళ్లకు వీటిని కలపండి. ఎర్ర, నల్ల వైర్లు ఒకదానికొకటి తగలకూడదు. మధ్య కాలు మీ సిగ్నల్. మీటరు నల్ల వైరును కేబుల్ గ్రౌండ్‌కి, ఎర్ర వైరును మధ్య కాలికి పెట్టి నాబ్ తిప్పితే వోల్టేజ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

ఇప్పుడు పొటెన్షియోమీటర్ గ్రౌండ్ కాలిని తీసేయండి. మీటరు దాదాపు 5 వోల్టులు చూపిస్తుంది. గ్రౌండ్ పోతే సిగ్నల్ పైకి ఎందుకు వెళ్తుందో, పి0193 ఎలా వస్తుందో కళ్లముందే కనిపిస్తుంది. దాన్ని తిరిగి కలిపి, 5 వోల్టుల కాలిని తీయండి. సున్నా! పి0192కి దారితీసే పరిస్థితుల్లో ఇదొకటి. పుస్తకంలో పది పేజీలు చదివినా రాని స్పష్టత పది నిమిషాల్లో వస్తుంది.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

‘పి0193 వచ్చింది, ఏం చేస్తారు?’ అని అడిగితే ‘సెన్సర్ మారుస్తాను’ అనేది బలహీనమైన జవాబు. ‘లైవ్ డేటా చూస్తాను. కనెక్టర్, వైరింగ్ పరిశీలిస్తాను. 5 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్ వరసగా కొలుస్తాను. అవన్నీ సరిగా ఉంటేనే సెన్సర్ మారుస్తాను’ అనండి. మీరు కస్టమర్ డబ్బుని, వర్క్‌షాప్ పేరుని కాపాడే మనిషని అడిగినవారికి అర్థమవుతుంది.

దారులు ఇవీ

పది పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో చేరవచ్చు. కోర్సు పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ వస్తే వదులుకోకండి. స్టైపెండ్ కంటే అక్కడ చేతికొచ్చే అనుభవం పెద్దది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక వాహనాల్లో సెన్సర్లు, వైర్లు ఇంకా పెరిగాయి. రేపు ఎలక్ట్రిక్ వాహనాలకు మారినా ఈ విద్య వృథా కాదు. అక్కడ డీజిల్ ఉండదు కానీ యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ ఉంటుంది. దానికీ రిఫరెన్స్, గ్రౌండ్, సిగ్నల్ ఉంటాయి. మీటరు పట్టడం వచ్చినవారికి బండి మారినా పని మారదు.