అసంబద్ధత అంటే నిరాశ కాదు

మనిషి ఉనికిని, బతుకు అర్థాన్ని ప్రశ్నించే అస్తిత్వవాదం పేరెత్తగానే చాలామందికి సిగరెట్టు పొగ, నల్లకోటు, బతుకు మీద విరక్తి గుర్తొస్తాయి. ఆ బొమ్మ చూసి జడిసి ఎందరో పాఠకులు ఆ పుస్తకాల జోలికే వెళ్లడం లేదు. అది పెద్ద నష్టం.

అపోహ: అర్థం లేని ఈ బతుకు బతకడం దండగ అని ఫ్రెంచ్ రచయిత కామూ చెప్పాడు.

వాస్తవం: ఆయన తేల్చింది సరిగ్గా దీనికి విరుద్ధం. ఫ్రాన్స్ జర్మన్ల గుప్పిట్లో ఉన్న 1942లో వచ్చిన 'సిసిఫస్ పురాణం' ఆత్మహత్య ప్రశ్నతోనే మొదలవుతుంది. అర్థం కావాలని మనిషి ఆరాటపడతాడు, లోకం బదులు పలకదు. అసంబద్ధత మనిషిలో మాత్రమే లేదు, లోకంలో మాత్రమే లేదు. ఆ రెండూ ఎదురుపడిన చోట పుడుతుంది. ప్రాణం తీసుకుంటే ఆ ఎదురుపడటంలో ఒక పక్షమే లేకుండా పోతుంది, ప్రశ్న మాత్రం తేలదు. అందుకే కామూ ఆత్మహత్యను తోసిపుచ్చాడు. గ్రీకు పురాణంలో సిసిఫస్ దేవతల శిక్షగా ఓ బండను కొండ మీదికి ఎక్కిస్తాడు, అది ప్రతిసారీ కిందికి దొర్లిపోతుంది. ఆ బండ కోసం కొండ దిగి వస్తున్న సిసిఫస్ మీద కామూ చూపు నిలుస్తుంది. తన గతి పూర్తిగా తెలిసి దిగివచ్చే మనిషిని దేవతలు ఓడించలేరన్నది ఆయన వాదన. ఆక్రమణ కాలంలోనే, జర్మన్లను ఎదిరిస్తూ రహస్యంగా అచ్చయ్యే 'కోంబా' పత్రికకు ఆయన సంపాదకుడయ్యాడు. నిరాశావాది చేసే పని కాదది.

అపోహ: కామూ, అస్తిత్వవాద తత్త్వవేత్త సార్త్ర్ ఒకే గూటి పక్షులు.

వాస్తవం: తాను అస్తిత్వవాదిని కానని కామూ 1945లోనే చెప్పాడు. ఆయన 1951లో రాసిన 'తిరుగుబాటుదారుడు' మీద సార్త్ర్ పత్రికలో ఘాటైన విమర్శ వచ్చింది. 1952లో స్నేహమూ తెగిపోయింది.

అపోహ: అస్తిత్వవాదులంతా నాస్తికులే.

వాస్తవం: ఈ ఆలోచనకు ఆద్యుడిగా చెప్పుకునే డెన్మార్క్ తత్త్వవేత్త కీర్కెగార్డ్ గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ఫ్రెంచ్ తత్త్వవేత్త గాబ్రియెల్ మార్సెల్ కాథలిక్.

అపోహ: ఈ అసంబద్ధతనే చూపే అబ్సర్డ్ నాటకం మేధావులకు తప్ప అర్థం కాదు.

వాస్తవం: ఐరిష్ రచయిత బెకెట్ నాటకం 'గోడో కోసం' 1953 జనవరి 5న పారిస్‌లో తొలిసారి రంగమెక్కింది. ఇద్దరు మనుషులు ఓ చెట్టు కింద ఎదురుచూస్తారు, రావలసినవాడు రాడు. కథే లేదని చదువుకున్నవాళ్లే విసుక్కున్నారు. 1957 నవంబర్ 19న అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైల్లో దాదాపు 1,400 మంది ఖైదీల ముందు దాన్ని ఆడారు. ఆడపాత్రలు లేకపోవడమే ఆ నాటకాన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం. అమ్మాయిలు, హాస్యం ఉంటాయని వచ్చిన ముగ్గురు కండల వీరులు అవేవీ కనబడకపోయేసరికి చిరాకుపడి, దీపాలు ఆరగానే జారుకుందామనుకున్నారట. రెండు నిమిషాలు విన్నారు, అంతే, కదల్లేదు. ఆ సంగతి ఖైదీల పత్రికే రాసింది. ఎదురుచూడటమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. యావజ్జీవ శిక్ష పడిన రిక్ క్లూచీ అనే ఖైదీ తర్వాత ఆ జైల్లోనే నాటక బృందం నడిపి, విడుదలయ్యాక బెకెట్ దర్శకత్వంలోనే నటించాడు.

మీకు దగ్గర్లో ఈ నాటకం ఆడితే వ్యాఖ్యానాలు చదివి వెళ్లకండి. నేరుగా వెళ్లి కూర్చోండి.