దీపం లేని ఊరు

మ్యాపులో పేరుంటుంది. వెతుక్కుంటూ వెళ్తే ఒక్క ఇల్లూ కనిపించదు. మరి అక్కడ ఎప్పుడైనా జనం ఉన్నారా?

హైదరాబాద్‌కు ఉత్తరాన బౌరంపేట, మేడ్చల్, శామీర్‌పేట వైపు పాత పటాలు పట్టుకుని తిరిగేవాళ్లకు రాక తప్పని సందేహమిది. మనిషి లేని ఊరిని తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో 'బేచిరాగ్' అంటారు. పారశీకంలో చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరన్నమాట! జనాభా లెక్కల్లోనూ వీటి పేర్లుంటాయి, ఎదురుగా సున్నా ఉంటుంది. రెవెన్యూవారికి గ్రామమంటే ఇళ్లు కాదు, హద్దులూ సర్వే నంబర్లూ. కాబట్టి పేరుంది కదాని ఊరుండేదని చెప్పలేం. సున్నా ఉంది కదాని లేదనీ అనలేం.

తేల్చాలంటే నిజాం కాలపు సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ తిరగేయాలి. ఇళ్ల కోసం విడిచిన గ్రామకంఠం కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం నేలమీదే ఉంటుంది. బొడ్రాయి, పూడిపోయిన చేదబావి, దున్నితే బయటపడే కుండపెంకులు... పక్క ఊరి నుంచి ఏ కుటుంబమైనా ఇప్పటికీ అక్కడి పోచమ్మకు బోనం తెస్తోందా, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఔటర్ రింగు రోడ్డు చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. జేసీబీ ఒక్క పూట తిరిగితే బొడ్రాయి, బావి, పెంకులు అన్నీ మాయం. ఆ తర్వాత మిగిలేది మ్యాపులో పేరే.