వెల్డింగు విద్య

కిటికీ ఊచలు, బండి చట్రాలు అతికేచోట మిరుమిట్లు గొలిపే వెలుగును మీరు చూసే ఉంటారు. ఆ పనినే వెల్డింగు అంటారు. విద్యుత్తు వల్ల పుట్టిన వేడికి లోహపు అంచులు కరిగి, చల్లారాక ఒకటవుతాయి. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

ఈ పనిని ఐ.టి.ఐ. అని పిలిచే పారిశ్రామిక శిక్షణ సంస్థలలో నేర్పుతారు. వెల్డరు శిక్షణ ఒక సంవత్సరం. 14 ఏళ్లు నిండి, ఎనిమిదో తరగతి ఉత్తీర్ణులైనవారు ఇందులో చేరవచ్చు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను శిక్షణలకు మాత్రం గణితం, విజ్ఞానశాస్త్రాలతో పదో తరగతి ఉత్తీర్ణులు కావాలి. ఎనిమిదితో చదువు ఆపినవారికి వాటిలో ప్రవేశం దొరకదు. కనుక బడి మానాలనుకునే ముందే ఈ నియమాలు తెలుసుకోవాలి.

శిక్షణలో మొదట నేర్పేది జాగ్రత్త. వెల్డింగు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కళ్లను దెబ్బతీస్తాయి. నల్లద్దపు ముసుగు, తోలు చేతితొడుగులు లేకుండా పని మొదలుపెట్టరాదు. దారిన పోయేటప్పుడు మీరు కూడా ఆ వెలుగువైపు చూడకండి.